లైనక్స్ ఎక్కిస్తుంటే స్క్రీన్ నల్లబడిందా? ఈ బూట్ ఆప్షన్ వాడి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మేనల్లుడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే లైనక్స్‌లో ఒక రకం) ఎక్కిద్దామని రెండు రోజుల నుంచి తంటాలు పడుతున్నా. స్క్రీన్ నల్లగా అయిపోతోంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది." షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయి ఉంటుందన్నారట. మదర్‌బోర్డు నిక్షేపంలా ఉంది. ఒక్క మాట టైపు చేస్తే పనైపోయింది.

విడిగా గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. లైనక్స్ కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే అసలు భాగం) లేస్తూనే స్క్రీన్ సెట్టింగులను తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ కార్డుతో డ్రైవర్‌కు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌కు) పొసగకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆ పని ఇప్పుడే పెట్టుకోవద్దని ముందే చెప్పే బూట్ ఆప్షన్ పేరు నోమోడ్‌సెట్.

ముందుగా ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఛార్జర్ పెట్టే ఉంచండి, మన ఎండాకాలం కరెంటును నమ్మలేం. ఉబుంటు ఇన్‌స్టాలర్ ఎక్కించే పెన్‌డ్రైవ్ 8 జీబీ లేదా అంతకన్నా పెద్దది ఉండాలి.

పెన్‌డ్రైవ్ పెట్టి, ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ టకటకా నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసస్‌లో ఎస్కేప్. అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే గ్రబ్ మెనూ (ఏది బూట్ చేయాలో అడిగే జాబితా) వస్తుంది. ఇక్కడ తొందరపడకండి. కొన్ని సెకన్లలో అదే ముందుకెళ్లిపోతుంది కాబట్టి కింది బాణం గుర్తు నొక్కితే లెక్క ఆగుతుంది.

మెనూలో 'సేఫ్ గ్రాఫిక్స్' అని కనిపిస్తే అదే ఎంచుకోండి. ఆ మాటను అదే చేర్చుకుంటుంది, మీరేమీ టైపు చేయక్కర్లేదు. కనిపించకపోతే ఇన్‌స్టాల్ లైను మీద ఉండి 'ఇ' అక్షరం నొక్కండి. నాలుగైదు లైన్లు తెరుచుకుంటాయి. 'లైనక్స్' అనే మాటతో మొదలయ్యే లైనులో మూడు చిన్న గీతలు పక్కపక్కన ఉంటాయి. వాటికి ముందు నోమోడ్‌సెట్ అని ఇంగ్లిష్‌లో టైపు చేయండి: ఎన్-ఓ-ఎం-ఓ-డి-ఇ-ఎస్-ఇ-టి. అన్నీ చిన్న అక్షరాలే, కలిపి రాయాలి. అటూ ఇటూ ఒక్కో స్పేస్ ఉండాలి.

మావాడు ఇక్కడే తప్పు చేశాడు. అలవాటు కొద్దీ ఎంటర్ కొట్టాడు, లైను రెండు ముక్కలై ఎర్రర్ వచ్చింది. ఎంటర్ కాదు, ఎఫ్10 గానీ కంట్రోల్, ఎక్స్ కలిపి గానీ నొక్కాలి. తప్పు టైపు చేసినా టెన్షన్ పడక్కర్లేదు. ఎస్కేప్ నొక్కితే మార్పులు పోయి మళ్లీ మెనూ వస్తుంది. ఇక్కడ మార్చింది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఏమీ చెరగదు.

అందుకే ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి మళ్లీ నల్లబడొచ్చు. అప్పుడూ ఇదే పని చేయాలి. గ్రబ్ మెనూ కనిపించకపోతే కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. డెస్క్‌టాప్ వచ్చాక నెట్ కనెక్ట్ చేసి, 'అడిషనల్ డ్రైవర్స్'లో సరైన డ్రైవర్ వేసుకుని రీస్టార్ట్ చేయండి. నోమోడ్‌సెట్‌ను శాశ్వతంగా ఉంచేసుకోమనే సలహా నాకు నచ్చదు. బొమ్మ మసకగా, వీడియో నత్తనడకగా ఉంటాయి.

ఇంత చేసినా తెరుచుకోకపోతే, అదే లైనులో 'క్వైట్', 'స్ప్లాష్' అనే రెండు మాటలు తీసేసి బూట్ చేయండి. లోగో బదులు అక్షరాలు పరుగెడతాయి. ఎక్కడ ఆగిందో ఆ చివరి లైనును ఫోన్‌తో ఫొటో తీసుకుని, అందులోని మాటలతోనే నెట్‌లో వెతకండి. ఏసీపీఐని (పవర్ వ్యవహారం చూసుకునే ఏర్పాటును) ఆపేసే ఆప్షన్ కూడా ఒకటుంది గానీ దాన్ని ఆఖర్న వాడండి. అది పెడితే బ్యాటరీ ఎంతుందో కనిపించకపోవచ్చు, షట్‌డౌన్ చేసినా ల్యాప్‌టాప్ పూర్తిగా ఆగకపోవచ్చు.