ఉత్తరాది ఊళ్ల మధ్య విమాన దూరం: కాగితం మీదే లెక్క

కెనడా ఉత్తర కొసలో ఉన్న ఊళ్ల దూరాన్ని మామూలుగా కనిపించే చదునైన (మెర్కేటర్) మ్యాపులో కొలిస్తే తప్పు వస్తుంది. 65 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ మ్యాపు దూరాల్ని రెండు రెట్లకు పైగా సాగదీసి చూపిస్తుంది. రోడ్డు దూరం చూసినా లాభం లేదు. ఇనువిక్ నుంచి ఎల్లోనైఫ్‌కి రోడ్డు పక్కనున్న యూకాన్ ప్రాంతం మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది.

అందుకే ఇలా లెక్కేయండి. రెండు ఊళ్ల అక్షాంశాల తేడాను 111తో గుణించండి. రేఖాంశాల తేడాను, రెండు ఊళ్ల మధ్య అక్షాంశం 60 డిగ్రీల దగ్గరైతే 56తో, 65 దగ్గర 47తో, 70 దగ్గర 38తో గుణించాలి. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టే ఈ తగ్గింపు. వచ్చిన రెండు అంకెల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే దూరం కిలోమీటర్లలో వచ్చేస్తుంది.

ఉదాహరణకి ఇనువిక్ అక్షాంశం 68.3, రేఖాంశం 133.5. ఎల్లోనైఫ్ 62.5, 114.4. తేడాలు 5.8, 19.1. మధ్య అక్షాంశం 65 దగ్గర కాబట్టి 111తో, 47తో గుణిస్తే 644, 898. దూరం సుమారు 1,100 కి.మీ.

జెట్ అయితే గంటకు 750తో, ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే 480తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలపండి. జెట్‌లో రెండు గంటలు, ఏటీఆర్‌లో రెండు గంటల ముప్పావు. ఇది నేరుగా వెళ్లే విమానానికే. దారిలో నార్మన్ వెల్స్‌లో ఆగితే ఇంకో ముప్పావు గంటైనా వేసుకోవాలి.

రేఖాంశాల తేడా 30 డిగ్రీలు దాటితే మాత్రం ఈ లెక్క నమ్మొద్దు. అంత దూరంలో దగ్గరి దారి ధ్రువం వైపు వంగుతుంది, మన లెక్కేమో ఎక్కువ చూపిస్తుంది.