ఇంటిపేరు దగ్గర ఆగిన నా ఆన్‌లైన్ డిగ్రీ

పెళ్లయి పదహారేళ్లకు ఆన్‌లైన్ బీఏలో చేరదామని కూర్చున్నా. యూజీసీ నిబంధన ప్రకారం డెబ్ ఐడీ (ఆన్‌లైన్, దూరవిద్య కోర్సుల్లో చేరేవాళ్లకిచ్చే గుర్తింపు నంబరు) కావాలి, దానికి ముందు డిజీలాకర్‌లో ఏబీసీ ఐడీ (చదువులో వచ్చే క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) ఉండాలి. ఏబీసీ ఐడీ వచ్చింది కానీ, అందులో ఆధార్‌లోని అత్తింటి ఇంటిపేరు పడింది. టెన్త్ మెమోలో పుట్టింటిది! దరఖాస్తు వెనక్కి వచ్చేసింది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చేసి విసిగిపోయా. చివరికి మా ఆడపడుచు అంది, "వదినా, మెమో మార్చడం కంటే ఆధార్ మార్చడం తేలిక కదా!" అదృష్టం, పాన్ కార్డులో ఇంకా పాత ఇంటిపేరే ఉంది (బద్ధకం ఇలా పనికొస్తుందనుకోలేదు). అది చూపించి ఆధార్ సెంటర్లో పేరు మార్పించా. స్పెల్లింగ్ మాత్రం స్క్రీన్ మీద అక్షరం అక్షరం చూసుకున్నా, ఎందుకంటే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. తర్వాత డిజీలాకర్‌లో వివరాలు సరిచేసుకుని, డెబ్ ఐడీ తీసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టా. ఈసారి సీటు ఖాయమైంది.