మినేటాకు నివాళి రాయబోతున్నారా?

కాలిఫోర్నియాలోని శాన్‌హోసే విమానాశ్రయంలో దిగిన మా అమ్మ, దానికి పెట్టిన పేరు బోర్డు మీద చూసి, "ఎవరమ్మా ఈ మినేటా?" అంది. ఈ ఊరికి మేయరు, ఇరవై ఏళ్లు అమెరికా కాంగ్రెసు (చట్టసభ) సభ్యుడు, ఇద్దరు అధ్యక్షుల దగ్గర మంత్రి అని గడగడా చెప్పాను. అమ్మ ఆవులించింది. 2022 మే 3న నార్మన్ మినేటా 90 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు మా నెలవారీ సాహిత్య సమావేశానికి నేను రాసిన నివాళి కూడా ఆ ఆవులింతకు తగినట్టే ఉంది. చించేసి మళ్లీ రాశాను. మీరూ రాస్తుంటే నా అనుభవం పనికొస్తుందేమో.

పదవులు పక్కన పెట్టి బ్యాటుతో మొదలుపెట్టండి. 1942 మే నెలలో ఇదే ఊళ్లో పదేళ్ల మినేటా స్కౌటు దుస్తులు వేసుకుని, బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని రైలెక్కాడు. అది ఆయుధమవుతుందంటూ సైనికులు లాక్కున్నారు. ముందు శాంటా అనీటా గుర్రప్పందేల మైదానం, తర్వాత వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరం. జపాన్‌తో యుద్ధం వేళ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో, మినేటా కుటుంబంలాగే ఇలా ఇల్లు విడిచిన జపాన్ సంతతివాళ్లు సుమారు 1,20,000 మంది. వీలైతే శాన్‌హోసే స్టేట్ విశ్వవిద్యాలయంలోని పాత వ్యాయామశాల చూసి రండి. ఇక్కడి కుటుంబాల పేర్లు నమోదు చేసుకున్నది అందులోనే.

మాటల దగ్గర తొందరపడకండి. నేను మొదట "తరలించారు" అని రాశాను, వరద బాధితులను తరలించినట్టు! అది ఆనాటి ప్రభుత్వం వాడిన మాట. "నిర్బంధించారు" అని దిద్దుకున్నాను. అప్పట్లో గోడలకు అంటించిన ప్రకటనల్లో జపాన్ సంతతివారిని "విదేశీయులు, విదేశీయులు కానివారు" అన్నారు. విదేశీయులు కానివారంటే పౌరులే కదా? అలా రాయడానికి చేయి రాలేదు. అందుకే ఆ "పౌరుడు" అన్న మాటంటే మినేటాకు అంత మక్కువ. మీ నివాళిలో అది తప్పక ఉండాలి.

పదవుల సంగతి ఇప్పుడు చెప్పినా ఎవరూ ఆవులించరు. బతికున్న బాధితులకు క్షమాపణ, తలా 20,000 డాలర్లు ఇచ్చిన 1988 చట్టం కోసం పోరాడినవారిలో ఆయన ముఖ్యుడు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత రవాణా మంత్రిగా, జాతినీ మతాన్నీ బట్టి ప్రయాణికులను అనుమానించడానికి ఒప్పుకోలేదు.

అమెరికాను నిలదీసే పేరా ఒకటి రాసి మురిసిపోకండి. 1962 యుద్ధ కాలంలో మనం కూడా చైనా సంతతి భారతీయులను రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో బంధించాం. ఈ వాక్యం చదివినప్పుడు సభలో ఒక పెద్దాయన ముఖం చిట్లించారు. నేను మాత్రం తీసేయలేదు.

సభకు ముందు అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. "మరి ఆ పిల్లవాడి బ్యాటు తిరిగి ఇచ్చారా?" అని అడిగింది. ఇవ్వలేదు. ఆయన కాంగ్రెసులో ఉండగా ఒక అభిమాని, పేరుమోసిన బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ వాడిన బ్యాటు పంపించాడు. సభ్యులు తీసుకోదగిన కానుకల పరిమితిని దాని ఖరీదు మించిపోయింది. అదీ తిప్పి పంపవలసి వచ్చింది.