వరుస సంఖ్యల లెక్క ఎక్కడ తప్పుతోంది?

సమీకరణం చక్కగా సాధించిన పిల్లలకు కూడా వరుస సంఖ్యల లెక్కలో జవాబు తప్పొస్తుంటుంది. చాలాసార్లు తప్పు సాధనలో ఉండదు, సంఖ్యలను రాసుకోవడంలోనే ఉంటుంది. ముందు అక్కడే వెతకండి.

సమస్య: మూడు వరుస సంఖ్యల మొత్తం 429 అంటే క, చ, ట అని మూడు అక్షరాలు రాసి ఆగిపోవడం

కారణం: ఒకటి తెలిస్తే మిగతా రెండూ తెలిసినట్టేనని తట్టకపోవడం. హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ కింద వెళ్లేటప్పుడు పిల్లర్ నంబర్లు చూపించండి. 142 పక్కన ఏముంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

పరిష్కారం: క, క + 1, క + 2. (పుస్తకంలో ఎక్స్ అని ఉంటుంది, ఏ అక్షరమైనా ఒకటే.) 3క + 3 = 429, కాబట్టి క = 142. సంఖ్యలు 142, 143, 144.

సమస్య: వరుస బేసి సంఖ్యలు అనగానే క, క + 1, క + 3 అని రాయడం

అన్నిటికంటే మొండి తప్పు ఇదే. కారణం కూడా అర్థం చేసుకోదగ్గదే: 1, 3 బేసి సంఖ్యలు కదా, అవే కలపాలనుకుంటారు. కానీ బేసికి 1 కలిపితే సరి సంఖ్య వస్తుంది. మనం కలిపేది రెండు వరుస బేసి సంఖ్యల మధ్య ఉన్న దూరం. అది ఎప్పుడూ 2. సరి సంఖ్యలకూ అంతే.

మొత్తం 57 అనుకుందాం. తప్పు పద్ధతిలో 3క + 4 = 57, అంటే 3క = 53. 53ని 3 భాగించదు, అక్కడే అనుమానం రావాలి. సరిగా రాస్తే క, క + 2, క + 4. 3క + 6 = 57, క = 17. సంఖ్యలు 17, 19, 21. పిల్లలతో 17 పక్కన 18 రాయించి కొట్టేయించండి, ఇక మర్చిపోరు.

సమస్య: జవాబు 24.5 వచ్చింది

రెండు వరుస పూర్ణసంఖ్యల మొత్తం 50 అని ఇస్తే అలాగే వస్తుంది. 2క + 1 ఎప్పుడూ బేసి, 50 సరి. అలాంటి సంఖ్యలే లేవు. టెన్షన్ పడకుండా ప్రశ్న మళ్లీ చదవమనండి, అందులో ‘వరుస సరి సంఖ్యలు’ అని ఉండొచ్చు. అప్పుడు జవాబు 24, 26.

సమస్య: రుణసంఖ్యల దగ్గర తడబాటు

మూడు వరుస సంఖ్యల మొత్తం −24 అయితే క = −9 వస్తుంది. వెంటనే −9, −10, −11 అని రాసేస్తారు. గుర్తును పక్కనపెట్టి లెక్కపెట్టడమే కారణం. సంఖ్యారేఖ గీసి −9 నుంచి కుడివైపు నడిపించండి: −9, −8, −7.

లబ్ధం 56 అయిన రెండు వరుస పూర్ణసంఖ్యలు అడిగితే 7, 8తో ఆపేస్తారు. −8, −7 కూడా జవాబే. ప్రశ్నలో ‘సహజ సంఖ్యలు’ అని ఉంటేనే ఆ జతను వదిలేయాలి.