పాత ఫోన్లు, టీవీలు పారేసే ముందు

కర్నూలు వీధుల్లోకి పాత సామాన్ల బండి రాగానే చెడిపోయిన ఫోను, ఛార్జరు, టీవీ అన్నీ కలిపి తూకానికి వేయడం మనకు అలవాటు. చేతికి వచ్చేది పదో పరకో. ఆ తర్వాత రాగి కోసం వైర్లను కాలిస్తే పీవీసీ ప్లాస్టిక్ తొడుగు నుంచి డయాక్సిన్లు అనే విష పదార్థాలు గాలిలో కలుస్తాయి, డబ్బా టీవీ గాజులోని సీసం హంద్రీ ఒడ్డున పడితే వాననీటితో తుంగభద్ర దాకా చేరగలదు.

ముందుగా ఫోనులోని ఫొటోలను వేరేచోట దాచుకుని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ము, మెమరీ కార్డు తీసేయాలి. అన్నిటికన్నా జాగ్రత్త బ్యాటరీ దగ్గర అవసరం. వెనుక మూత పైకి లేచి, బల్లమీద పెట్టిన ఫోను బొంగరంలా తిరుగుతుంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగు పెట్టకూడదు, మన ఎండల్లో మిద్దెమీద అసలే ఉంచకూడదు. విడిగా ఊడివచ్చే బ్యాటరీ అయితే కొనలకు టేపు అంటించి, పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టాలి. డబ్బా టీవీలోని గాజు గొట్టాన్ని (పిక్చర్ ట్యూబును) పగలగొట్టే పని ఎవరూ పెట్టుకోవద్దు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల (పారేసే ఎలక్ట్రానిక్ వస్తువుల) నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి కనుక, కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి సేకరణ కేంద్రం వివరాలు అడగాలి. కొనేవారు ఎవరైనా, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లరుకే సరుకు చేరుతుందా అని అడిగి, రసీదు తీసుకున్నాకే అప్పగించాలి.