జిప్సీలో బ్యాటరీ దిగిపోతోందా? డైనమో విప్పకముందు ఎర్తు చూడండి

మొన్న డిసెంబరులో చింతపల్లి వైపు నుంచి ఒక మారుతి జిప్సీ కిందికి దిగి మా నర్సీపట్నం షెడ్డుకి వచ్చింది. కాఫీ తోట ఉన్న పెద్దాయన బండి. ఏడాదిలో రెండు బ్యాటరీలు, ఒక డైనమో మార్చారు. అయినా పొద్దున్నే సెల్ఫ్ కొడితే మూలుగుతుంది. లంబసింగి మంచులో హెడ్‌లైట్లు, వైపరు, బ్లోయరు కలిపి వేస్తే లైట్లు ఎర్రబడిపోతాయి. "మేస్త్రీ, ఇది కూడా పోయినట్టుంది, ఇంకో డైనమో వేసెయ్" అన్నారు. "ముందు మీటరు పెట్టి చూద్దాం బాబాయ్" అన్నాను.

మేం డైనమో అని పిలిచేది నిజానికి ఆల్టర్నేటరే, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేది. మామూలు జనానికి జిప్సీలు అమ్మడం 2019లోనే ఆగిపోయింది. ఉన్న బండ్లని కాపాడుకోవాల్సిన రోజులివి. బాగున్న డైనమో పీకేసి ఊరూపేరూ లేనిది బిగించడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మీటరు పట్టుకోవడం వస్తే చాలు, ఇది ఇంటి దగ్గర మీరే చూసుకోవచ్చు.

మీటరుతోనే మొదలుపెట్టండి. దాని లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే చవక మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. మంచి డైనమో కూడా 15 దాటి కొడుతున్నట్టు కనిపిస్తుంది. కొత్త బ్యాటరీ వేసి, 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టండి.

రాత్రంతా ఆగిన బండికి, తలుపు లైటు కూడా వెలగనివ్వకుండా, బ్యాటరీ మీద కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కన్నా తక్కువ ఉంటే ముందు బయట చార్జింగ్ పెట్టించి అప్పుడు రండి. ఖాళీ బ్యాటరీ మీద తీసిన ఏ రీడింగూ నమ్మలేం.

తర్వాత తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మీటర్ బోర్డులో ఎర్ర చార్జింగ్ లైటు వెలుగుతోందో లేదో చూడండి. చాలామంది పట్టించుకోరు గానీ ఇది పెద్ద గుర్తు. డైనమో మొదట మేలుకోవడానికి కావలసిన చిన్న కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోయినా, సాకెట్ వదులైనా, ఆ సన్న వైరు తెగినా డైనమో నిద్రలోనే ఉండిపోవచ్చు. ఇరవై రూపాయల బల్బుతో పోయేదానికి డైనమో మార్చిన వాళ్లని చూశాను. లైటు వెలిగాక సన్న స్క్రూడ్రైవర్ని డైనమో వెనక బేరింగు దగ్గర పెట్టండి. అయస్కాంతంలా లాగితే లోపల తిరిగే రోటరుకి, దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులకి కరెంటు అందుతున్నట్టే.

బెల్టు సంగతి అందరికీ తెలిసిందే. బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటరు దిగాలి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే మార్చేయండి. వాగు దాటాక కీచుమంటే అది జారుతోందని అర్థం.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి కొద్దిగా రేస్ చేసి పట్టుకోండి. బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వరకు రావాలి. చలి పొద్దున కాస్త ఎక్కువ, ఘాట్ ఎక్కి ఇంజిన్ బాగా కాగాక కాస్త తక్కువ ఉండటం మామూలే. 15 దాటితే వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పాడైనట్టు. బ్యాటరీ నీళ్లు మరిగిపోకముందే బండి ఆపండి. రేస్ చేసినా 12.5 దగ్గరే ఉంటే చార్జింగ్ అసలు లేదు.

పెద్దాయన బండి అప్పుడు 13.9 చూపించింది. పాత మేస్త్రీ ఇక్కడిదాకా చూసే "బాగానే ఉంది" అని ఉంటాడు. హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపరు అన్నీ వేశాను. 13.3కి పడిపోయింది. ఇక్కడ తొందరపడి డైనమో మీద పడకూడదు. మీటరు తీసుకెళ్లి డైనమో వెనక లావు వైరు బిగించిన బోల్టుకి ఒక కొస, డైనమో బాడీకి ఇంకో కొస పెట్టాను. 14.3! పుట్టింది 14.3, బ్యాటరీకి చేరింది 13.3. మధ్య దారిలో ఒక వోల్టు పోతోంది.

ఎక్కడ పోతోందో పట్టుకోవడం తేలిక. అన్ని లైట్లూ వెలుగుతుండగానే, ఎర్ర కొస డైనమో బోల్టుకి, నల్ల కొస బ్యాటరీ పాజిటివ్‌కి పెట్టాలి. 0.3 వచ్చింది, అంచున ఉన్నట్టు. తర్వాత బ్యాటరీ నెగటివ్‌కీ డైనమో బాడీకీ మధ్య పెట్టాను. అక్కడ 0.1 దాకా ఉంటే సరి. వచ్చింది 0.7. రెండూ కలిపితే సరిగ్గా ఒకటి. లెక్క కలవకపోతే మీటరు కొస తుప్పు మీద పెట్టారేమో చూసుకోండి.

ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు రాదు. ఆ బండికి నెగటివ్ కేబుల్ బండి ఇనుప చట్రం, అంటే చాసిస్‌కి మాత్రమే బిగించి, అక్కడి నుంచి ఇంజిన్‌కి అల్లిక పట్టీ ఒకటి వేశారు. కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే ఈ దారినే ఎర్తు అంటాం. కింద పడుకుని చూస్తే బురద గట్టిపడి ఆ పట్టీ కనిపించలేదు. గోకితే పచ్చగా చిలుము పట్టిన రాగి పోగులు చేతిలోకి పొడిలా రాలాయి. బోల్టు కింద చాసిస్ పెయింటు అలాగే ఉంది, చుట్టూ తుప్పు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆక్సిలేటర్ కేబుల్ ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. దారి దొరకని కరెంటు ఆ సన్న కేబుల్‌ని పట్టుకుని వెళ్తోంది. పొద్దున మూలుగుకి కారణం కూడా అదే.

కొత్తగా లావు కేబుల్‌తో పట్టీ వేశాను. పెయింటు ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు రాశాను. గ్రీజు ముందు కాదు, బిగించాకే. పాజిటివ్ కొస కూడా శుభ్రం చేశాను. అన్ని లైట్లతో బ్యాటరీ మీద 14.0 వచ్చింది.

ఇవన్నీ సరిగ్గా ఉండి డైనమో బోల్టు దగ్గరే తక్కువ వస్తే అప్పుడు విప్పండి. వాగులు దాటే బండ్లలో బురద చేరి కార్బన్ బ్రష్షులు ఇరుక్కుంటాయి, లేదా అరిగి పొట్టివైపోతాయి. డైనమోలో పుట్టే ఏసీ కరెంటుని డీసీగా మార్చేవి డయోడ్లు. వాటి కోసం ఇంజిన్ నడుస్తుండగా మీటర్ని ఏసీ వోల్టుల రేంజిలోకి మార్చి బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే డయోడ్ పోయింది. అలాంటి డయోడ్ రాత్రుళ్లు బ్యాటరీని కూడా తాగేయవచ్చు.

ఒక్కటి మాత్రం చేయకండి. చార్జింగ్ ఉందో లేదో చూద్దామని నడుస్తున్న ఇంజిన్‌కి బ్యాటరీ టెర్మినల్ ఊడదీయడం. పాతకాలం అసలు డైనమోల నాటి అలవాటు అది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో ఆ క్షణం వోల్టేజి ఎగిసి డయోడ్లు కాలిపోవచ్చు. ఎంపీఎఫ్‌ఐ, అంటే కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే బండైతే కంప్యూటరు కూడా పోవచ్చు.

పెద్దాయన మొదట తీయించిన డైనమో బండి వెనకే గోనెలో ఉంది. అదే తిరిగి బిగించి చూశాను. 14.2 ఇచ్చింది.