పిల్లలతో సంగీత నాటకం: తెర లేపేముందు జాగ్రత్తలు

ముందు తేదీ. అక్టోబరు, నవంబరుల్లో కోనసీమలో ఆరుబయట స్టేజీ వద్దు, వాయుగుండం ఎప్పుడు పడుతుందో చెప్పలేం. సంక్రాంతి దాటాక మేలు. అప్పటికి పదో తరగతికి పరీక్షల టెన్షన్ కాబట్టి పెద్ద వేషాలు ఎనిమిది, తొమ్మిది వాళ్లకివ్వండి.

శ్రుతి దగ్గరే సగం నాటకాలు దెబ్బతింటాయి. హార్మోనియం మాస్టారు తన గొంతుకు అలవాటైన శ్రుతి పెడితే పిల్లలకు అందదు. ఒక్కొక్కరి చేత పాడించి, గొంతు పైకి, కిందికి ఎంతవరకు వెళ్తుందో రాసుకున్నాకే శ్రుతి ఖాయం చేయండి. 12, 13 ఏళ్ల మగపిల్లలకు గొంతు మారుతుంటుంది. జూన్‌లో హాయిగా పాడిన కృష్ణుడు జనవరికి బొంగురుపోవచ్చు, అందుకే ఆ వేషానికి ఇంకొకరిని కూడా సిద్ధం చేయండి. పద్యం చివర రాగం సాగదీయడం పెద్దల సరదా. పిల్లల మీద రుద్దొద్దు.

ముఖానికి పసుపు రంగు వేయడానికి పాత పద్ధతిలో వాడే అర్దళం ముట్టుకోకండి. అందులో ఆర్సెనిక్ ఉంటుంది. ఏ రంగైనా ముందురోజే మోచేతి లోపల కొంచెం రాసి చూడండి.

తడి నేల మీద మైకు వైర్లు వద్దు. ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చూపించండి. లైట్లు ముఖాలకు మరీ దగ్గరైతే పురుగులు నోట్లోకే వస్తాయి!

నరసాపురం రేవు దాటాల్సిన పిల్లలుంటే ఆఖరి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) వేళ కనుక్కుని, దాన్నిబట్టి నాటకం మొదలుపెట్టండి. వేషం వేసుకునేలోపే ఇడ్లీలు పెట్టించండి, బజ్జీలు నాటకం అయ్యాకే.